ఒమెగా స్పీడ్‌మాస్టర్ వాచీలో 1957 నుంచి ఇప్పటిదాకా ఏం మారింది? పాతది కొనాలా, కొత్తదా?

"చూడ్డానికి అన్నీ ఒకేలా ఉన్నాయి, మరి ధరల్లో ఇంత తేడా ఎందుకు?" అని ఒకరు అడిగారు. తేడా ఎక్కువగా వెనక మూత కింద ఉంటుంది.

1957లో వచ్చిన మొదటి మోడల్‌కి అంతరిక్షంతో సంబంధమే లేదు. అది కార్ రేసుల వాళ్లని దృష్టిలో పెట్టుకుని చేసింది. వేగం లెక్కగట్టే టాకీమీటర్ స్కేలును డయల్ మీద నుంచి బయటి స్టీలు బెజెల్ మీదికి, అంటే డయల్ చుట్టూ ఉండే రింగు మీదికి తెచ్చారు. గంటల ముల్లు బాణం మొనలా వెడల్పుగా ఉండేది. 1959లో నల్ల బెజెల్ వచ్చింది. 1962లో అమెరికా వ్యోమగామి వాలీ షిరా తన సొంత స్పీడ్‌మాస్టర్ పెట్టుకునే అంతరిక్షంలోకి వెళ్లాడు. నాసా పరీక్షలన్నీ పెట్టి అధికారికంగా ఓకే చేసింది 1965లో. క్రౌన్‌కి, అంటే కీ ఇచ్చే పక్క మరకి, దెబ్బ తగలకుండా కుడి పక్క ఉబ్బిన కేసు, డయల్ మీద 'ప్రొఫెషనల్' అన్న మాట కూడా ఆ రోజుల్లోనే వచ్చాయి. మనకి తెలిసిన రూపం అదే.

అసలు మార్పు 1968లో జరిగింది. 321 అనే మూవ్‌మెంట్, అంటే లోపలి యంత్రం, తీసేసి 861 పెట్టారు. 321లో స్టాప్‌వాచ్‌ని నడిపేది కాలమ్ వీల్, అంటే చిన్న స్తంభాలున్న చక్రం. దాన్ని తయారు చేయడం ఖర్చుతో కూడిన పని. 861లో దాని బదులు క్యామ్, అంటే వంకర అంచున్న బిళ్ల పెట్టారు. గంటకి 18,000గా ఉన్న బీట్, అంటే వాచీ కొట్టుకునే లెక్క, 21,600 అయింది. 1969లో ఆల్డ్రిన్ చంద్రుడి మీద పెట్టుకున్నది 321 ఉన్న వాచీయే. ఆర్మ్‌స్ట్రాంగ్ మాత్రం, చంద్రుడి మీద దిగిన నౌక ల్యూనార్ మాడ్యూల్‌లోని టైమర్ పాడవడంతో, తన వాచీని అందులోనే వదిలి దిగాడు. అందుకే 321 అనగానే ధర కొండెక్కుతుంది. క్యామ్‌ని చిన్నచూపు చూసే కలెక్టర్లున్నారు గానీ, నాకు ఆ వాదన నచ్చదు. అది గట్టిది, రిపేరుకి తేలిక.

నేను వాడేది 861 తర్వాత 1990ల్లో వచ్చిన 1861. రోజూ పొద్దున్నే కీ ఇవ్వాలి. క్రౌన్ లాగినా సెకండ్ల ముల్లు ఆగదు. కచ్చితంగా టైం పెట్టాలంటే క్రౌన్‌ని కాస్త వెనక్కి తిప్పి పట్టుకుంటే ఆగుతుంది, అదో చిట్కా. అద్దం ప్లాస్టిక్, హెసలైట్ అంటారు. గోడకి రాసుకుంటే చాలు, గీత పడుతుంది. పాలిష్ పేస్ట్‌తో రుద్దితే పోతుంది. ఏటవాలు వెలుతురులో చూస్తే అద్దం నడిమధ్యన చిన్న ఒమెగా గుర్తు కనిపిస్తుంది.

2021లో మామూలు మోడల్‌లోకి వచ్చిన 3861 మూవ్‌మెంట్‌తో ఆ ఇబ్బందులు చాలావరకు పోయాయి. క్రౌన్ లాగితే ముల్లు ఆగుతుంది, కీ 50 గంటలు వస్తుంది, 15,000 గాస్ అయస్కాంత క్షేత్రాన్ని తట్టుకుంటుంది. ఇంకా సరదా ఏంటంటే, బెజెల్ మీద 90 అంకె పైన చుక్క, మెట్టు దిగినట్టుండే డయల్ అంచు లాంటి పాత వివరాలు తిరిగొచ్చాయి.

రోజూ పెట్టుకోవడానికైతే 3861 తీసుకోండి. బడ్జెట్ తక్కువైతే సెకండ్ హ్యాండ్ 1861 చూడండి. 321 మీద మనసుంటే మాత్రం మూత తీసి మూవ్‌మెంట్ ఫొటో చూపించమనండి. డయల్, ముళ్లు, బెజెల్ తలో కాలానివి అతికించి అమ్మేవాళ్లు చాలామంది. ఫొటోకి నసిగితే ఆ బేరం వదిలేయండి.