మూడో బోరు వేసే ముందు ఒక మాట, అల్లుడూ

అల్లుడూ,

మీ అమ్మ నిన్న రాత్రి ఫోన్ చేసింది. మూడో బోరుకు బండి మాట్లాడావట, పాయింట్ చూసే ఆయన కొబ్బరికాయ పట్టుకుని చేనంతా తిరిగి గుర్తు కూడా పెట్టి పోయాడట. ఉద్యోగం వదిలి కల్వకుర్తికి తిరిగొచ్చినవాడివి, నాలుగెకరాలూ పచ్చగా ఉండాలని నీకు ఎంత ఆశ ఉంటుందో నాకు తెలుసు. అడ్వాన్స్ ఇంకా ఇవ్వకపోతే మాత్రం ఒక్క పది రోజులు ఆగు.

నేను ఆగలేదు. 2002లో వానలు పోయినప్పుడు మా చండూరు దగ్గర మూడెకరాల బత్తాయి తోటను కాపాడుకుందామని మూడు నెలల్లో ఐదు బోర్లు దింపించాను. ఒకదాంట్లో 180 అడుగుల దగ్గర కొంచెం నీళ్లు తగిలాయి, మిగతా నాలుగింట్లో దుమ్మే లేచింది. 2004లో చెట్లు కొట్టించి కట్టెలకు అమ్మాను. ఆ అప్పు తీరడానికి ఏడేళ్లు పట్టింది, మీ అత్త పుస్తెలతాడు అన్నాళ్లూ తాకట్టులోనే ఉంది.

అప్పుడు నాకు తెలియనిది నీకు ఇప్పుడే చెప్తున్నా. మన దగ్గర కిందంతా గ్రానైట్ రాయి. పైనున్న మొరంలో, మెత్తరాయిలో వాననీరు ఇంకి నిలుస్తుంది, దాని కింద రాతి బీటల్లో కొంత ఉంటుంది, 300 అడుగులు దాటితే ఆ బీటలు కూడా అరుదు. నువ్వు 600 అడుగులు దింపినా కొత్తగా నీళ్లు పుట్టవు, పక్క పొలం వాళ్లు తోడుకునే బీటలోంచే నువ్వూ తోడతావు, వచ్చే ఏడు వాళ్లు నీకంటే లోతుకు పోతారు. పైగా రాతిలో ఏళ్ల తరబడి నిలిచిన నీటికి ఫ్లోరైడ్ పడుతుంది, మా మర్రిగూడ వైపు ఎముకలు వంగిన మనుషుల్ని నువ్వు చిన్నప్పుడే చూశావు.

కాబట్టి ముందు ఉన్న నీళ్లు లెక్క పెట్టు. రెండు వందల లీటర్ల డ్రమ్ము పైపు కింద పెట్టి, ఫోన్‌లో టైమ్ చూడు. వంద సెకన్లలో నిండితే గంటకు 7,200 లీటర్లు, ఏడు గంటలు నడిపితే 50 వేల లీటర్ల పైచిలుకు. మన చలకల్లో, అంటే ఈ ఎర్రనేలల్లో, వరి మడి, ఎండకు పోయేదీ భూమిలోకి దిగేదీ కలిపి, రోజుకు పది మిల్లీమీటర్లు తాగుతుందని నా లెక్క, అంటే ఎకరానికి 40 వేల లీటర్లు. నీ బోరు ఇవాళ పారించగలిగేది ఎకరం పది గుంటలు, అంటే ఎకరంపావు. మార్చిలో అదే డ్రమ్ము నిండడానికి మూడు నిమిషాలు పడితే ముప్పై గుంటలకు కూడా చాలవు. నువ్వేమో రెండున్నర ఎకరాలకు నారు పోద్దామనుకుంటున్నావు. తక్కువైన ఆ నీళ్ల కోసమే కదా మూడో బోరు!

నీళ్లు తగ్గి వదిలేసిన పాత బోరు ఉంది కదా, దాన్ని పారేసినట్టు చూడకు. ఒక సన్నతాడుకు నట్టు కట్టి, పొద్దున మోటారు వేయకముందే దాంట్లో దింపి, తడి ఎక్కడ తగిలిందో కొలిచి తేదీతో సహా రాసిపెట్టు. ప్రతి నెలా అదే రోజు కొలువు. దీపావళికి ఎక్కడుందో చూసి యాసంగి (రబీ) ఎంత వేయాలో తేల్చుకోవాలి తప్ప, పక్కవాళ్లు ఎన్ని ఎకరాలకు నారు పోశారో చూసి కాదు. నేను పదిహేనేళ్లుగా ఇలాగే చేస్తున్నా, రెండేళ్లు యాసంగిలో వరి అసలే వేయలేదు.

వరి ఎకరానికి మించి వద్దు. ఆ ఎకరంలో కూడా ఎప్పుడూ నీళ్లు నిలపాల్సిన పని లేదు. అడుగు పొడవు పీవీసీ పైపు ముక్కకు కింది సగంలో చిల్లులు పెట్టి, ఆ సగాన్ని మడిలో పాతి లోపలి మట్టి తీసేయి. పైపులో నీరు మట్టికి అరడుగు కిందికి దిగాకే మళ్లీ పారించు. నాటిన తొలి రెండు వారాలు కలుపు రాకుండా, చిరుపొట్ట నుంచి కంకి ఈనే దాకా గింజ కోసం, ఈ రెండు సమయాల్లో మాత్రం పలచగా నీరు ఉండాలి. మొదటిసారి పైపైన నెర్రెలు కనిపిస్తే నీకు టెన్షన్ వస్తుంది, నాకూ వచ్చింది, పంట మాత్రం తగ్గలేదు.

మిగతా దాంట్లో పల్లి వేయి. వరి 1,200 మిల్లీమీటర్ల పైన తాగితే పల్లికి 500 అటూఇటూ సరిపోతాయి. స్ప్రింక్లర్లు గాలి లేనప్పుడు, తెల్లవారుజామున తిప్పు. ఊడలు దిగేటప్పుడు, కాయ ఊరేటప్పుడు తడి తప్పనీయకు. ఏ రకం వేయాలో పాలెం పరిశోధన కేంద్రం నీకు దగ్గరే, వెళ్లి అడుగు.

ఆటోస్టార్టర్ తీసేయి, ఇది బతిమాలుతున్నా. 2018 జనవరి 1 నుంచి 24 గంటల కరెంటు ఉంది, రాత్రి వచ్చే కరెంటు కోసం కాచుకునే రోజులు పోయాయి. ఇంకా స్టార్టర్ దానంతట అదే మోటారు వేసి, మనం నిద్రపోతుంటే నిండిన మడిలోంచి ఒడ్డు దాటి నీళ్లు పోవడం చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది.

ఇప్పుడు వానల సంగతి. కార్తెలను నమ్ముకుని విత్తనం వేసినవాళ్లం, ఆ లెక్క ఇప్పుడు కుదరడం లేదు. 2023 ఆగస్టు దేశమంతటా 1901 తర్వాత ఎప్పుడూ లేనంత ఎండిపోయిన ఆగస్టు, ఇంకో ఏడు నెల వాన రెండు రోజుల్లో కురిసి వాగు పాలవుతుంది. ఇంచు వాన ఎకరంలో పడితే లక్ష లీటర్లు, అంటే నీ బోరు రెండు రోజుల పని! దాన్ని చేను దాటి పోనీయకూడదు. వాలుకు అడ్డంగా దున్ను, కింది మూలన పది మీటర్ల పొడవు, పది వెడల్పు, రెండున్నర లోతుతో కుంట తీయించు. గట్లు ఏటవాలుగా ఉన్నా నిండితే లక్షా 45 వేల లీటర్లు పడతాయి. ఉపాధి హామీలో పెట్టించు, చుట్టూ కంచె మాత్రం మర్చిపోకు, ఇంట్లో చిన్నపిల్లలున్నారు.

ఆ పాత బోరు చుట్టూ కూడా రెండు మీటర్ల పొడవు, రెండు వెడల్పు, మూడు లోతు గుంత తీసి, గుంతలో ఉన్నంత మేర కేసింగ్‌కు చిల్లులు పెట్టి జాలీ చుట్టి, కింద బండరాళ్లు, వాటిపైన కంకర, పైన ఇసుక నింపు. చేను నీరు ముందు చిన్న గుంతలో ఆగి, బురద దిగాకే అందులోకి రావాలి. పశువుల కొట్టం నీళ్లు, మందు కొట్టిన మడి నీళ్లు ఒక్క చుక్క కూడా అందులోకి పోకూడదు. ఇవన్నీ ఒక్క వానకే ఫలితం ఇవ్వవు. మా దగ్గర మూడో వానకాలానికి గానీ తాడు కొలతలో తేడా కనపడలేదు.

ఇంకొకటి, ఇది నీ ఒక్కడి వల్ల అయ్యేది కాదు. 2015లో మిషన్ కాకతీయ మొదలైనప్పుడు మా చెరువు పూడిక తీశారు, ఆ మట్టి నా చలకలో ట్రాక్టర్లతో తోలించుకున్నా, ఇప్పటికీ రెండు తడుల మధ్య తేమ ఎక్కువ రోజులు ఆగుతుంది. కానీ చెరువులోకి నీళ్లు తెచ్చే కాలువ మీద ప్లాట్లు పడ్డాయి, చెరువు లోతుగానే ఉంది గానీ నిండడం లేదు. మీ ఊరి కాలువ ఇంకా బాగుందని మీ అమ్మ అంది. వేసవిలో నలుగురిని కలుపుకుని దాని వెంట నడిచి, ఎక్కడ పూడిందో, ఎవరు దున్నుకున్నారో చూసి, గొడవ కాకముందే కూర్చుని మాట్లాడండి.

బోరుకు దాచిన డబ్బు బోరు మీద పెట్టకు. అందులో కొంత కుంటకు, కొంత స్ప్రింక్లర్లకు పోనీ. ఆదివారం నేను బస్సెక్కి వస్తా, అప్పటికి డ్రమ్ము ఎన్ని సెకన్లలో నిండిందో, తాడు ఎన్ని అడుగులు దిగిందో కాగితం మీద రాసి ఉంచు.

మీ మామ