60 జతల బూట్లపై కంప్యూటర్ బొమ్మ: హక్కు ఎవరిది?

ప్రశ్న: నేను రాసుకున్న కంప్యూటర్ ప్రోగ్రాంతో, పోచంపల్లి చిటికి పనిని (ఇక్కత్ నేతను) తలపించే బొమ్మను తయారుచేశాను. దానిని కాన్వాసు బూట్లపై అచ్చు వేయించి, 60 జతలు మాత్రమే అమ్మాలనుకుంటున్నాను. బొమ్మపై హక్కు నాదేనా? ‘పోచంపల్లి బూట్లు’ అని పేరు పెట్టవచ్చా?
– ఒక పాఠకురాలు, నల్లగొండ

జవాబు: బొమ్మ మీదే. కంప్యూటర్ ద్వారా పుట్టిన కళాకృతికి, అది పుట్టడానికి కారకులైన వ్యక్తే కర్త అని 1957 నాటి కాపీరైట్ చట్టం 2వ సెక్షన్ చెబుతోంది. ప్రోగ్రాం కూడా మీరే రాశారు కనుక మీ వాదనకు బలం ఎక్కువ.

చిక్కంతా బూట్ల దగ్గరే ఉంది. డిజైన్ల చట్టం కింద నమోదు చేయదగిన నమూనాను నమోదు చేయించకుండా, పారిశ్రామిక పద్ధతిలో 50 సార్లకు మించి వస్తువులపై దించితే, ఆ నమూనాపై కాపీరైట్ అంతటితో తీరిపోతుందని కాపీరైట్ చట్టం 15వ సెక్షన్ అంటోంది. మీరు అనుకున్న 60 జతలు ఆ హద్దును దాటుతున్నాయి. కాబట్టి 2000 నాటి డిజైన్ల చట్టం కింద ముందుగా దరఖాస్తు పెట్టండి. నమోదైతే 10 ఏళ్లు, పొడిగించుకుంటే మరో 5 ఏళ్లు రక్షణ ఉంటుంది. దరఖాస్తు చేరేదాకా ఆ బొమ్మను వాట్సాప్ స్టేటస్‌లో కూడా పెట్టకండి, ఎందుకంటే ముందే బయటపడిన నమూనాను కొత్తదిగా చట్టం ఒప్పుకోదు.

ఇక పేరు విషయం. అచ్చు వేసిన బూట్లకు ఆ పేరు పెట్టకూడదు. చిటికి పనిలో నూలును నేతకు ముందే, గీసుకున్న లెక్క ప్రకారం కట్టుకట్టి రంగులో ముంచుతారు. కట్టు కిందికి కాస్త పాకిన రంగు వల్ల, మగ్గంపై పడుగూ పేకా వెంట్రుకవాసి జరగడం వల్ల బొమ్మ అంచు చెదిరినట్టు కనిపిస్తుంది. ఆ చెదురును మీ ప్రోగ్రాం అంకెలతో అనుకరించగలదు గాని, అచ్చు నేత కాదు. పోచంపల్లి ఇక్కత్ భౌగోళిక గుర్తింపు (జీఐ) పొందిన పేరు, అంటే ఆ ప్రాంతపు నేతకే చెందే పేరు. నేయని సరుకుకు దానిని వాడి కొనేవారిని భ్రమపెట్టడం 1999 నాటి భౌగోళిక గుర్తింపుల చట్టం ప్రకారం ఉల్లంఘన. పేరు పెట్టకపోయినా, తరాలుగా నేస్తున్న నమూనాను మక్కికి మక్కి దించితే అది కొత్త డిజైన్‌గా నమోదు కాదు.

నన్నడిగితే అచ్చు ఆలోచనే మానుకోమంటాను. 60 జతల పైభాగాలకు పట్టే గుడ్డ కొద్దిపాటిదే. మీ ప్రోగ్రాం గీసిన కొత్త నమూనాను గ్రాఫ్ కాగితంపైకి ఎక్కించి, దరఖాస్తు పెట్టాక, భౌగోళిక గుర్తింపు కింద అధీకృత వినియోగదారులుగా (ఆ పేరు వాడుకునే హక్కున్నవారిగా) నమోదైన పోచంపల్లి నేతకారులతో నేయించండి. అప్పుడు గుడ్డకు ఆ పేరు చెప్పుకోవచ్చు. బొటనవేలి దగ్గర గుడ్డ త్వరగా పిగులుతుంది గనుక లోపల అస్తరు వేయించాలి. కూలి మాట్లాడేటప్పుడు నేతకు ఒక లెక్క, నూలు కట్టడానికి పట్టే రోజులకు వేరే లెక్క కట్టి, ముందే కాగితంపై రాసివ్వండి.