గోడ కూలినప్పటి నుంచి మా కుక్క బెదిరిపోతోంది, మళ్ళీ మామూలవుతుందా?

మూడు నెలల కిందట గోడ కూలినప్పుడు మీ కుక్క బతికి బయటపడిందనీ, అప్పటినుంచి పెరట్లో అడుగు పెట్టడం లేదనీ, రాత్రుళ్ళు ఉలిక్కిపడి లేచి, దగ్గరికెళ్తే గుర్రుమంటోందనీ రాశారు. పిచ్చి పట్టింది, ఎక్కడైనా వదిలేసి రమ్మని ఇరుగుపొరుగు అంటున్నారట. దయచేసి వదలకండి.

ముందు ఆ పిచ్చి సంగతి. రేబిస్ అయితే లక్షణాలు బయటపడ్డాక కుక్క సాధారణంగా పది రోజులు దాటి బతకదు. మూడు నెలలుగా తింటూ, మిమ్మల్ని గుర్తుపడుతున్న కుక్కది ఆ జబ్బు కాదు. టీకా బాకీ ఉంటే మాత్రం వెంటనే వేయించండి. ఎవరికైనా పన్ను దిగితే సబ్బుతో 15 నిమిషాలు కడిగి ఆస్పత్రికి వెళ్ళాల్సిందే.

మాది పర్లాకిమిడి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మా కుక్క కర్రోడు పెరట్లో రేకుల షెడ్డు కింద గొలుసుతో ఉన్నాడు. కట్టింది నేనే. గాలికి బెదిరి ఎటైనా పారిపోతాడని కట్టాను. తెల్లవారుజామున ఒక రేకు ఎగిరిపోయింది. ఇంకొకటి ఒక్క మేకు మీద వేలాడుతూ గంటల తరబడి గోడకు రాసుకుంటూనే ఉంది. ఆ గాలికి తలుపు తీయలేకపోయాం. నేను వెళ్ళేసరికి వాడు నీళ్ళలో నిలబడి, గొలుసు తెగేలా లాగుతున్నాడు. మెడ చుట్టూ చర్మం ఒరుసుకుపోయింది. అరవడం కూడా మానేశాడు.

తర్వాత మంచం కిందే మకాం. వానకు భయపడతాడేమో అనుకున్నాం, పడలేదు. ఉరుముకీ పెద్దగా కదల్లేదు. ఒకరోజు అమ్మ అట్లకాడతో పెనం గీకుతుంటే గజగజ వణికి అక్కడే ఉచ్చ పోసేశాడు. అచ్చం రేకు గోడకు రాసుకున్న చప్పుడే అది! అప్పటిదాకా రోజూ వంటింట్లో మేమే వాడిని బెదరగొడుతున్నామన్నమాట.

కుక్కలకు ఇలా అవుతుందా అని అడిగేవాళ్ళకు కుక్కల మీద ప్రయోగాలు చేసిన రష్యా శాస్త్రవేత్త పావ్లోవ్ సంగతి చెబుతుంటాను. 1924 సెప్టెంబరులో లెనిన్‌గ్రాడ్‌కు వరదొచ్చి, ఆయన ప్రయోగశాల కుక్కలు బోనుల్లోనే మునిగిపోబోయాయి. వాటిని కాపాడారు గానీ, కొన్ని అప్పటిదాకా నేర్చుకున్నవి మరిచిపోయాయి. కోలుకున్న ఒక కుక్క గదిలోకి తలుపు కిందనుంచి కాసిని నీళ్ళు వదిలితే మళ్ళీ మొదటికొచ్చింది. ఇరాక్, అఫ్గానిస్తాన్ వెళ్ళొచ్చిన అమెరికా సైన్యపు కుక్కల్లోనూ డాక్టర్లు ఇదే గుర్తించారు.

మీరు ముందు పశువుల డాక్టరుకు చూపించండి. గోడ దెబ్బ లోపల ఎక్కడైనా నొప్పెడుతుంటే కుక్క గుర్రుమంటుంది, దాన్ని మనం భయం అనుకుంటాం. అవసరమైతే భయం తగ్గడానికి ఫ్లూఒక్సెటిన్ లాంటి మందు రాస్తారు, అది పనిచేయడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పట్టొచ్చు. ఇంట్లో ఉన్న మనుషుల మాత్రలు మీ అంతట మీరు వేయకండి.

మేము చేసింది ఇది. అమ్మ వంటింటి తలుపు మూసి, పెనం మీద ఒక్కసారి మెల్లగా గీకేది. చివరి గదిలో నేను ఆ చప్పుడు అయిన వెంటనే ఉడకబెట్టిన గుడ్డు ముక్క పెట్టేవాడిని. చప్పుడు ముందు, గుడ్డు తర్వాత. ముక్క తినకపోతే మేము తొందరపడ్డామని అర్థం, మర్నాడు ఇంకా మెల్లగా గీకాలి. రోజుకు ఐదు నిమిషాలే. సంక్రాంతికి తలుపు తీసి గీకినా తినగలిగాడు. మే నెలలో ఫొని తుఫాను గాలికి మళ్ళీ రెండు వారాలు మంచం కిందకి పోయాడు. ఈసారి గొలుసు లేదు, ఇంట్లో మా మధ్యే ఉన్నాడు కాబట్టి త్వరగా తేరుకున్నాడు.

మీ కుక్కను పెరట్లోకి లాక్కెళ్ళొద్దు, కొట్టొద్దు. దగ్గరికొస్తే నిమరండి, నిమిరితే భయం అలవాటైపోతుందన్న మాట నిజం కాదు. నిద్రలో ఉంటే ముట్టుకోకుండా దూరం నుంచి పేరు పెట్టి పిలవండి, పిల్లలకూ చెప్పండి. కర్రోడు ఆ షెడ్డు కిందకి ఇప్పటికీ వెళ్ళడు. మేమూ పట్టుబట్టలేదు, వాడి గోనెసంచి వరండాలోకి మార్చేశాం.

ఒక వారం పాటు ఏ చప్పుడుకి, ఏ వేళప్పుడు, ఎక్కడ బెదురుతోందో రాసి పెట్టండి. డాక్టరు దగ్గరికి ఆ కాగితం పట్టుకెళ్ళండి.