ఎలుక నీతో చెప్పిందా?

హన్మకొండ

బిడ్డా,

నీ పేపర్ చిత్తుప్రతి పదిహేను పేజీలూ రెండుసార్లు చదివాను. ఇంగ్లీషు గురించి టెన్షన్ పడుతున్నావు, అది దిద్దుకోవచ్చు. నాకు అడ్డం తగిలింది మూడో పేజీలోని ఒక్క వాక్యం: మందు ఇచ్చాక ఎలుకలకు నొప్పి తగ్గింది. ఎలుక నీతో చెప్పిందా?

నువ్వు చూసింది, వేడి పలక మీద పెట్టిన ఎన్ని సెకన్లకు అది పాదం నాకిందో. అదే రాయి. నా మొదటి పేపర్‌లో రివ్యూయర్ 'నొప్పి' అన్న మాటకు పదకొండు చోట్ల గీత పెట్టి పంపాడు. కోపంతో వారం రోజులు దాని ముఖం చూడలేదు. తీరా కూర్చుని చూస్తే తొమ్మిది చోట్ల ఆయనదే న్యాయం. మిగతా రెండూ నేనిప్పటికీ ఒప్పుకోను.

హాని జరగబోతోందని నరాలు పసిగట్టి కబురు పంపడం నోసిసెప్షన్. నొప్పి అనుభవం. అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘం 2020లో నిర్వచనం సవరించినప్పుడు ఈ తేడాను విడిగా చెప్పింది. నోరులేని జీవికి నొప్పి ఉండదని కాదు, ఆ మాటా అక్కడే ఉంది. నువ్వు కొలిచింది దాన్ని కాదు, అంతే.

పేపర్లు ఎలా చదవాలని అడిగావు. ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి బస్తాల మధ్య నడిస్తే తగిలే ఘాటుతో మొదలుపెట్టు. అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ జూలియస్ బృందం 1997 పేపర్ తెచ్చుకో. 2021 నోబెల్‌కు దారితీసిన పని అది. మిరపలో ఘాటు పుట్టించే క్యాప్సైసిన్‌కు, ఒళ్లు కాలే వేడికి తెరుచుకునేది నరాల కణాల పొరలోని ఒకే ద్వారం, టీఆర్‌పీవీ1. కారానికీ నిప్పుకీ మనం 'మంట' అనే అంటాం, అయితే దాన్ని రుజువనుకోకు! మొదట్లో ఉండే సారాంశం, అబ్‌స్ట్రాక్ట్, పక్కన పెట్టి ముందు బొమ్మలు చూడు. ఒక్కోదాని కింద ఏం మార్చారో, ఏం కొలిచారో తెలుగులో ఒక్క వాక్యం రాసుకో. గిన్నెలో పెంచిన కణాల్లోకి కాల్షియం చేరింది, కరెంటు పారింది. పేపర్ పేరులో నొప్పి ఉంది గానీ ఆ కణాల గిన్నెలో లేదు.

తర్వాత 2000లో వచ్చిన పేపర్ చదువు. టీఆర్‌పీవీ1ని తయారుచేసే జన్యువు తీసేసిన ఎలుకల్లో వేడికి స్పందన తగ్గింది, పోలేదు. పోవాలంటే అలాంటివే మరో రెండు ద్వారాలు, టీఆర్‌పీఎం3, టీఆర్‌పీఏ1 కూడా కలిపి మూడూ తీసెయ్యాలని వేరే బృందం చూపింది 2018లో. 'తగ్గింది'కీ 'పోయింది'కీ మధ్య పద్దెనిమిదేళ్లు. 2000 పేపర్‌వాళ్లు తొందరపడి 'పోయింది' అని రాసి ఉంటే?

బీడీలు చుట్టే మీ అమ్మ నడుం గురించిన పేరా పేపర్‌లోంచి తీసెయ్, నోట్‌బుక్‌లో ఉంచు. గుంజుతుంది, సలుపుతుంది, జివ్వుమంటుంది అని ఆమె వేరువేరుగా చెప్పే మాటలు పారేసుకోకు. మనస్తత్వ శాస్త్రవేత్త రొనాల్డ్ మెల్జాక్ 1975లో, నొప్పి ఎలా ఉందో రోగినే అడిగే మెక్‌గిల్ ప్రశ్నావళిని కట్టింది ఇలాంటి మాటలతోనే. అక్కడ నొప్పి అని ధైర్యంగా రాయి. చెప్పింది మనిషి.

ఈసారి ప్రయోగం ఎలా చేశావో చెప్పే భాగం, మెథడ్స్, ముందు రాసి పంపు. పలక ఎన్ని డిగ్రీల వేడిలో ఉందో పదిహేను పేజీల్లో ఎక్కడా లేదు.

మీ సారు