కాంటా ముందా, ఖాతా ముందా?

ప్రశ్న: అన్నా, మాది హనుమకొండ. ఏనుమాముల మార్కెట్‌లో మిర్చి అడ్తి (కమీషన్ షాపు) నడిపే మా మామయ్య కోసం స్ప్రింగ్ బూట్‌లో (జావా ప్రోగ్రాములు కట్టే చట్రం) ఒక సాఫ్ట్‌వేర్ రాస్తున్నా. తూకం చూసే కాంటా ఒక మాడ్యూల్, బాకీలు రాసే ఖాతా ఇంకొకటి. తక్‌పట్టీ (రైతుకు ఇచ్చే లెక్క చీటీ) రాయాలంటే రైతు పాత బాకీ ఎంతో కాంటా వెళ్లి ఖాతాను అడగాలి, బాకీ చూపాలంటే ఇవాళ తూకమైన సరుకు ఎంతో ఖాతా వెళ్లి కాంటాను అడగాలి. సైక్లిక్ రిఫరెన్స్ (రెండూ ఒకదానిమీద ఒకటి ఆధారపడటం) అని, కోడ్‌ను కట్టే మావెన్ బిల్డ్ ఆపేస్తే రెండింటినీ 'కామన్' అనే ఒకే మాడ్యూల్‌లో పడేశా. అప్పుడు స్ప్రింగ్ మొరాయించింది. సర్క్యులర్ రిఫరెన్సులను ఒప్పుకునే సెట్టింగ్ పెట్టాక నా ల్యాప్‌టాప్‌లో బాగానే నడుస్తోంది, షాపు కంప్యూటర్‌లో మాత్రం స్టార్ట్ అయ్యేటప్పుడే నల్ పాయింటర్ (ఖాళీగా ఉన్నదాన్ని వాడబోతే వచ్చే ఎర్రర్). సీజన్ దగ్గరకొచ్చింది, టెన్షన్‌గా ఉంది.

జవాబు: తమ్ముడూ, ముందు ఆ సెట్టింగ్ తీసెయ్. 2021లో వచ్చిన స్ప్రింగ్ బూట్ 2.6 నుంచి ఇలా ఒకదానికొకటి కావాలనే చక్రాలను మామూలుగా ఒప్పుకోవడం మానేశారంటే కారణం ఉంది, నీ షాపు కంప్యూటర్‌లో జరుగుతున్నది అదే.

స్ప్రింగ్ ముందు ఖాతాను తయారు చేయడం మొదలుపెట్టిందనుకో. దానికి కాంటా కావాలి, కాబట్టి ఖాతాను సగంలో వదిలి కాంటా దగ్గరికి పోతుంది, కాంటాకేమో ఖాతా కావాలి, సరే అని ఆ సగం తయారైన ఖాతానే దాని చేతిలో పెడుతుంది. కాంటాలో, అది తయారవగానే నడిచే పోస్ట్‌కన్‌స్ట్రక్ట్ మెథడ్ ఏదైనా వెంటనే ఖాతాను బాకీ అడిగితే, ఖాతాలోని రిపాజిటరీ (డేటాబేస్‌ను చదివే భాగం) ఫీల్డ్ అప్పటికి నిండకపోయి ఉండొచ్చు, అంటే నల్. అదే ముందు కాంటాతో మొదలైతే ఖాతా పూర్తిగా తయారై వస్తుంది, ఏ ఇబ్బందీ కనబడదు. నువ్వు ఎడిటర్‌లోంచి నడిపినప్పుడు, ఒకే ఫైల్‌గా కట్టిన జార్‌గా నడిపినప్పుడు క్లాసులు దొరికే వరుస మారొచ్చు. ల్యాప్‌టాప్‌లో నడిచింది షాపులో పడిపోవడానికి నాకు కనబడుతున్న కారణం ఇదే. కన్‌స్ట్రక్టర్ ఇంజెక్షన్‌కు (కావలసినవన్నీ తయారు చేసేటప్పుడే ఇచ్చే పద్ధతి) మారు, అప్పుడు సగం వస్తువు ఇచ్చే అవకాశమే ఉండదు, ఆ సెట్టింగ్ ఉన్నా స్ప్రింగ్ ఆగిపోతుంది. లేజీ అనొటేషన్ పెట్టమని ఎవరో ఒకరు చెబుతారు. అది అసలు వస్తువు బదులు ఒక ప్రాక్సీని ఇచ్చి ఎర్రర్ నోరు మూయిస్తుంది, అంతే, ఖాతా లేకుండా కాంటాకు ఒక్క టెస్ట్ రాయలేని పరిస్థితి అలాగే ఉంటుంది.

ఇప్పుడు ఒకసారి మీ మామయ్య షాపుకు వెళ్లి నిలబడు. కాంటా దగ్గర ఉన్న మనిషి బస్తాలు తూచి బరువు రాస్తాడు. రైతు బాకీతో అతనికేం పని? బాకీ పట్టేది గుమస్తా: ఒక చేత్తో తూకం చీటీ, ఇంకో చేత్తో ఖాతా పుస్తకం పట్టుకుని కూర్చునే మనిషి. నీ కోడ్‌లో ఆ గుమస్తా లేడు, అతని పనిని సగం కాంటాకు, సగం ఖాతాకు పంచావు, అందుకే అవి రెండూ ఒకదాని వెంట ఒకటి పడుతున్నాయి.

కాబట్టి 'పట్టీ' అని మూడో మాడ్యూల్ పెట్టు. అది కిందున్న రెండింటినీ పిలుస్తుంది, అవి దాన్నీ పిలవవు, ఒకదాన్నొకటీ పిలవవు. కాంటా 8 క్వింటాళ్లు అంటుంది, రేటు 14,000 అనుకో, ఖాతా 40,000 బాకీ అంటుంది, 1,12,000లో బాకీ పోను 72,000 అని లెక్క కట్టేది పట్టీ (హమాలీ, కమీషన్ కోతలు కూడా అక్కడే), జమ రాయమని ఖాతాకు చెప్పేదీ అదే. బాకీ స్క్రీన్‌లో ఇవాళ్టి సరుకు కూడా కనబడాలని మామయ్య పట్టుబడితే ఆ స్క్రీన్ కూడా పట్టీకే ఇచ్చెయ్. ఖాతా తప్పనిసరిగా పైవాళ్లను అడగాల్సిన చోటు ఎక్కడైనా మిగిలితే ఇంటర్‌ఫేస్ (ఏం అడగొచ్చో చెప్పే ఒప్పందం) ఖాతాలో రాసి, దాని అమలు పట్టీలో పెట్టు, అప్పుడూ ఎవరు ఎవరిమీద ఆధారపడతారో చూపే బాణం కిందికే ఉంటుంది.

ఈవెంట్లు (జరిగింది చాటితే కావలసినవాళ్లు వినే పద్ధతి) పెట్టి విడగొట్టొచ్చు కదా అని నీకు అనిపించొచ్చు. రైతు ఫోన్‌కు మెసేజ్ పంపడానికైతే పెట్టు. డబ్బు లెక్కకు మాత్రం నేరుగా పిలుపే, ఒకే ట్రాన్సాక్షన్‌లో (అన్నీ ఎక్కాలి, లేదా ఏదీ ఎక్కకూడదు). స్ప్రింగ్ ఈవెంట్లు మామూలుగా అదే థ్రెడ్‌లో నడుస్తాయి కానీ రేపెవరో అసింక్ (వేరే థ్రెడ్‌లో నడిపేది) పెడితే, తూకం ఎక్కి జమ ఎక్కని రోజు ఒకటి వస్తుంది, ఆ రోజు రైతు ముందు నిలబడేది మీ మామయ్య.

ప్రశ్న: స్ప్రింగ్ లేకుండా జావా మాడ్యూళ్లతోనే చేస్తున్నాను సార్. రెండు మాడ్యూళ్లు ఒకదాన్నొకటి రిక్వైర్స్ (నాకిది కావాలి) అని రాసుకుంటే కంపైలర్ ఒప్పుకోవట్లేదు. దారి ఉందా? (కరీంనగర్)

జవాబు: జావా 9 నుంచి మాడ్యూళ్ల మధ్య ఆ చక్రం కుదరదు. ఇంటర్‌ఫేస్‌ను మూడో మాడ్యూల్‌లో పెట్టి, వాడుకునే వైపు యూజెస్ అని, అమలు చేసే వైపు ప్రొవైడ్స్ అని రాయండి, జావాలోని సర్వీస్‌లోడర్ నడిచేటప్పుడు రెండింటినీ కలుపుతుంది. ఒక్క జాగ్రత్త: రెండు సర్వీసులూ తమ కన్‌స్ట్రక్టర్లలోనే ఒకదాన్నొకటి లోడ్ చేసుకుంటే కంపైలర్ ఏమీ అనదు, నడిపాక పిలుపులు ఆగక స్టాక్ ఓవర్‌ఫ్లో వస్తుంది. మాడ్యూళ్ల లోపల ప్యాకేజీల మధ్య కూడా చక్రాలు పేరుకుంటాయి, ఏది దేన్ని వాడుతోందో జేడీకేతో (జావా టూల్స్ కట్టతో) వచ్చే జెడెప్స్ అనే టూల్ చూపిస్తుంది. కోడ్ నిర్మాణాన్ని పరీక్షించే ఆర్క్‌యూనిట్ లైబ్రరీతో ప్యాకేజీల్లో చక్రాలు ఉండకూడదని ఒక చిన్న టెస్ట్ రాసి బిల్డ్‌లో పెడితే, కొత్తగా చక్రం చేరిన రోజే పట్టుకుంటుంది.