కార్డు మీద ఉచిత డెలివరీ తీసేస్తే ఆ ఖర్చు ఎవరి నెత్తిన? కౌంటర్‌లో కూర్చున్నవాడి జవాబు

సూపర్ మార్కెట్ మెంబర్‌షిప్ కార్డుకి ఏడాదికి సరిపడా డబ్బు కట్టించుకుని, మధ్యలో ఉచిత డెలివరీ ఆపేశారు, ఆ భారం ఎవరిది, మనం ఏమైనా అడగొచ్చా అన్నారు మీరు. నేను పాలకొల్లులో ఒక సూపర్ మార్కెట్ బిల్లింగ్ కౌంటర్‌లో మూడేళ్లు చేశాను. మా దగ్గరా అచ్చం ఇదే జరిగింది. షాపు పేరు చెప్పను, ఇప్పటికీ మా ఇంటికి సరుకులు అక్కడి నుంచే వస్తాయి.

కార్డు ఏడాదికి 300. బిల్లు వెయ్యి దాటితే సరుకులు ఇంటికి ఉచితంగా పంపేవాళ్లం. సంక్రాంతికి వారం ముందు, జనం బెల్లానికీ నువ్వులకీ నూనె డబ్బాలకీ ఎగబడే రోజుల్లో, కౌంటర్ పక్కన ఒక కాగితం అంటించారు. ఇకపై డెలివరీకి 40 రూపాయలు అని. కట్టిన డబ్బు సంగతి అడిగితే ఏం చెప్పాలో మాకు ఎవరూ చెప్పలేదు. తిట్లు తినడం మటుకు మా వంతు.

ఆ వారమే ఒక రిటైర్డ్ మాస్టారు వచ్చారు. ఇంట్లో ఆయనా, మామ్మగారూ ఇద్దరే, పిల్లలు హైదరాబాద్‌లో. 25 కేజీల బియ్యం, ఐదు లీటర్ల నూనె, పప్పులు. బిల్లు అవ్వగానే ఎప్పట్లాగే "సాయంత్రం పంపించేయండి అబ్బాయ్" అని చేతికర్ర అందుకున్నారు. "ఇప్పుడు నలభై పడుతుందండి మాస్టారూ" అన్నాను. ఆయన కాగితం చదివారు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చదివారు. "మొన్న దీపావళికే కదా కార్డు రెన్యువల్ చేశావు?" అన్నారు. నిజమే, చేసింది నేనే. ఏమీ మాట్లాడలేకపోయాను. ఆయన నలభై ఇచ్చేసి వెళ్లిపోయారు. వెనకాల బుల్లెట్ బండి తాళం వేలికి తిప్పుకుంటూ నిలబడ్డ కుర్రాడు ఆ కాగితం వైపు కూడా చూడలేదు. అతనికీ అదే కార్డు, అదే 300.

అందుకే మీ ప్రశ్నకి నా జవాబు: బండి లేనివాళ్లు, బస్తా ఎత్తలేనివాళ్లు కడతారు. మిగతావాళ్లకి సౌకర్యం పోయిందన్న సంగతే తెలియదు.

అసలు ఆ 'ఉచితం' ముందు కూడా ఉచితం కాదు లెండి. సంచులు తామే మోసుకెళ్లేవాళ్ల బిల్లుల్లోంచే మాస్టారి బస్తాకి పెట్రోలు వచ్చేది. మరి ఉచిత డెలివరీ ఆపాక వాళ్లకైనా ధర తగ్గాలి కదా? కందిపప్పు మీద రూపాయి తగ్గలేదు.

ఓనరు వైపు కూడా చెప్పాలి. లీటరు పెట్రోలు వంద దాటింది. వెయ్యికి ఇరవై తక్కువైతే అగ్గిపెట్టెల కట్ట కలిపించి, పక్క ఊరు చించినాడ దాకా తెచ్చిమ్మనే మహానుభావులూ ఉన్నారు. ఆయన ఆపడంలో తప్పు లేదు. ఏడాదికి డబ్బు తీసుకుని మధ్యలో ఆపడమే తప్పు.

ఇంకో సంగతి ఎవరూ లెక్కలో వేసుకోరు. డెలివరీ కుర్రాళ్లు ఐదుగురు ఉండేవారు, నెల తిరిగేసరికి ఇద్దరు మిగిలారు. ట్రిప్పుకి ఇంత అని ఇచ్చేవారు కాబట్టి ట్రిప్పులు పడిపోతే ఉద్యోగం తీసేయక్కర్లేదు, వాళ్లే మానేస్తారు. అందులో ఒకడు రొయ్యల చెరువు కాపలాకి కుదిరాడు. రాత్రంతా చెరువు నీళ్లలోకి గాలి పంపే ఏరియేటర్ల హోరు మధ్య మడత మంచం మీద, పగలు నిద్ర.

ఇక అడగడం గురించి. కార్డు ఊరికే ఇచ్చిందైతే గట్టిగా పట్టుబట్టడం కష్టం. డబ్బు కట్టినదైతే మీది హక్కు. డబ్బు తీసుకుని, చేస్తానన్న సేవ చేయకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అది సేవాలోపం. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడొచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో, మీరు కట్టిన డబ్బు 5 లక్షల లోపైతే ఫిర్యాదు ఫీజు కూడా లేదు. అయితే 300 కోసం అంత దూరం ఎవరు వెళ్తారు? షాపువాళ్ల ధైర్యమూ అదే. క్రెడిట్ కార్డులది కొంచెం నయం: ఛార్జీలు మార్చాలంటే కనీసం నెల ముందు చెప్పాలనీ, నచ్చకపోతే బాకీ తీర్చేసి అదనపు రుసుము లేకుండా కార్డు మూయించుకోవచ్చనీ 2022 నుంచి రిజర్వ్ బ్యాంకు నిబంధన ఉంది.

పెద్ద కంపెనీలు ఈ పని నెమ్మదిగా, పద్ధతిగా చేస్తాయి. డెలివరీ, వీడియోలు కలిపి ఇచ్చే అమెజాన్ ప్రైమ్ మెంబర్‌షిప్ 2016లో ఇక్కడికి వచ్చినప్పుడు ఏడాదికి 499. తర్వాత 999, 2021 డిసెంబరులో 1499. 2025 జూన్ నుంచి వీడియోల మధ్య ప్రకటనలు, అవి వద్దంటే పైన మళ్లీ డబ్బు. పేరు మాత్రం అదే.

మా షాపులో ఒకాయన 1915కి ఫోన్ చేశానని మేనేజర్ ముందు అన్నాడు. చేశాడో లేదో నాకు అనుమానమే. గడువు అయ్యేదాకా ఆయనకి ఉచితంగా పంపమని మాకు మెల్లగా చెప్పారు, ఆయన ఒక్కడికే. మాస్టారు అడగలేదు, దీపావళి దాకా నలభై కడుతూనే ఉన్నారు. నేనైనా చెవిలో వేసి ఉండాల్సింది, ఉద్యోగం పోతుందన్న టెన్షన్‌తో నోరు మెదపలేదు.

మీరు మాత్రం అడగండి. రసీదు ఉంటే దాని వెనక చిన్న అక్షరాల్లో ఏం రాశారో ఫొటో తీసి ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను.