టెక్ సందేహాలు: సాఫ్ట్‌వేర్ కొనే ముందు మీ ఎక్సెల్ షీట్ ఒకసారి చూడండి

ప్రశ్న: చిన్న చిన్న ఇళ్ల కాంట్రాక్టులు చేస్తుంటాను. ఎస్టిమేట్లు ఎక్సెల్‌లో వేస్తాను. స్లాబ్ వేశాక సిమెంటు మిగులుతోంది, కొన్ని గదుల్లో టైల్స్ చాలడం లేదు. ఇంటివాళ్లకు సమాధానం చెప్పలేక టెన్షన్ పడుతున్నాను. మంచి ఎస్టిమేషన్ సాఫ్ట్‌వేర్ చెప్పండి.
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: ఇప్పుడే ఏదీ కొనకండి. మీరు పంపిన షీట్ తెరిచి వరుసవరుసా చూశాను. రేట్లు బాగానే ఉన్నాయి. తేడా కొలతల్లో వస్తోంది. 10 అడుగుల 6 అంగుళాలను మీరు 10.6 అని కొట్టారు. సైటులో మేస్త్రీకి ‘పది ఆరు’ అంటే అర్థమైపోతుంది. ఎక్సెల్‌కు మాత్రం 10.6 అంటే పది అడుగుల ఏడు అంగుళాల పైచిలుకు. అక్కడ ఉండాల్సింది 10.5.

ఈ తప్పు ఒకవైపే పోతే ఎప్పుడో పట్టుకునేవారు. 1 నుంచి 9 అంగుళాల దాకా లెక్క ఎక్కువ వస్తుంది. 10, 11 అంగుళాలకు తక్కువైపోతుంది. 10.10 అని కొట్టి ఎంటర్ నొక్కండి, చివరి సున్నా ఎగిరిపోయి 10.1 మిగులుతుంది. దాదాపు తొమ్మిది అంగుళాల గది కనబడకుండా పోయినట్టే. మీకు టైల్స్ తగ్గిన గది సరిగ్గా ఇదే.

ఇక స్లాబ్ సంగతి. 5 అంగుళాల మందానికి 0.5 వేశారు. అర అడుగంటే ఆరంగుళాలు కదా! వెయ్యి చదరపు అడుగుల స్లాబ్‌కు 417 ఘనపుటడుగుల కాంక్రీటు పడుతుంది, మీ షీట్ 500 చూపిస్తోంది. 1:1.5:3 పాళ్లలో (సిమెంటు, ఇసుక, కంకర) ఘనపు మీటరుకు సుమారు 8 బస్తాల సిమెంటు వేసుకున్నా, దగ్గర దగ్గర 19 బస్తాలు అనవసరంగా లెక్కలోకి వచ్చాయి.

అడుగులకు ఒక కాలమ్, అంగుళాలకు ఇంకో కాలమ్ పెట్టండి. అంగుళాలను 12తో భాగించి అడుగులకు కలిపే ఫార్ములా మూడో కాలమ్‌లో రాయండి. అంగుళాల కాలమ్‌కు డేటా వ్యాలిడేషన్‌లో (తప్పు అంకె కొడితే ఒప్పుకోని ఎక్సెల్ సదుపాయం) డెసిమల్ ఎంచుకుని 12 కంటే తక్కువ ఉండాలని షరతు పెట్టండి. నాలుగున్నర అంగుళాల గోడలుంటాయి కాబట్టి హోల్ నంబర్ పెట్టొద్దు.

రేట్లన్నీ వేరే షీట్‌లో ఒకేచోట ఉంచి, సరుకు పేరుతో వెతికి రేటు తెచ్చే వీలుకప్ (VLOOKUP) ఫార్ములాతో తెచ్చుకోండి. ఆ ఫార్ములా చివర ఫాల్స్ (FALSE) అని తప్పకుండా రాయాలి. అది వదిలేస్తే ఎక్సెల్ ఉజ్జాయింపుగా వెతికి, ఇసుక రేటు అడిగితే ఇంకో సరుకు రేటు తెచ్చి పెట్టే ప్రమాదం ఉంది. ఎర్రర్ కూడా చూపించదు.

ఇంకో మాట, ఇది మీరు తప్పక చేయాలని నా కోరిక. ప్రతి ఐటమ్ పక్కన ‘అసలు పట్టింది’ అని ఒక కాలమ్ పెట్టి, ఇల్లు పూర్తయ్యాక బిల్లులు చూసి నింపండి. నాలుగైదు ఇళ్లు అయ్యేసరికి మీ మేస్త్రీలు, మీ ఊరి ఇసుక, మీ ఇటుకల తరుగు ఎంతో మీ చేతిలోనే ఉంటుంది. ఏ సాఫ్ట్‌వేర్ కొన్నా ఆ లెక్క దాంతోపాటు రాదు.

ప్రశ్న: ఫార్ములా ప్రకారమే ఇనుము తెప్పిస్తున్నా ప్రతిసారీ తక్కువ పడుతోంది. ఎందుకు?
– ఖమ్మం నుంచి

జవాబు: కడ్డీ వ్యాసాన్ని మిల్లీమీటర్లలో వర్గం చేసి 162తో భాగిస్తే మీటరుకు కిలోలు వస్తాయి. ఆ ఫార్ములా సరైనదే. 12 ఎంఎం కడ్డీ మీటరుకు 0.889 కిలోలు, 12 మీటర్ల కడ్డీ 10.67 కిలోలు. మీ షీట్‌లో పొడవు ఒక్కటే ఉంది. ల్యాపులు (రెండు కడ్డీలు కలిసేచోట ఒకదాని పక్కన ఒకటి వచ్చే పొడవు), రింగుల హుక్కులు, కటింగ్‌లో పోయే ముక్కలు లేవు. డ్రాయింగ్‌లో ఇచ్చిన ల్యాప్ పొడవుకు వేరే కాలమ్ పెట్టండి.

ప్రశ్న: హైదరాబాద్‌లో ఉద్యోగం. ఊళ్లో అమ్మానాన్నలకు ఇల్లు కట్టిస్తున్నాను. ఏఐ చాట్‌బాట్ ఇచ్చిన ఎస్టిమేట్ నమ్మొచ్చా?
– ఒక పాఠకురాలు

జవాబు: రేట్ల విషయంలో వద్దండీ. మీ ఊళ్లో ఇసుక ట్రాక్టరు ఈ వారం ఎంత పలుకుతోందో దానికి తెలియదు. ఇద్దరు ముగ్గురు వ్యాపారుల దగ్గర కొటేషన్లు తీసుకోండి. కాంట్రాక్టరు ఇచ్చిన పట్టికను చాట్‌బాట్‌కు ఇచ్చి, ‘ఇందులో ఏ పనులు రాయడం మరిచిపోయారు?’ అని అడగండి. సంపు, సెప్టిక్ ట్యాంకు, ప్రహరీ లాంటివి అలా బయటపడతాయి. పాత పట్టికలో సిమెంటుకు 28 శాతం జీఎస్టీ ఉంటే మార్పించండి. 2025 సెప్టెంబరు 22 నుంచి అది 18 శాతమే.